యంత్రమునకు జామీను ఎవరు?

బియ్యము కొనువాడు గుప్పెడు గింజలు చేతిలోనికి తీసికొని చూచును. రెండు గింజలు నోట వేసికొని కొరుకును. కుండ కొనువాడు వ్రేలితో కొట్టి చప్పుడు వినును. గుడ్డ కొనువాడు అంచు పట్టుకొని నలిపి చూచును. ఇట్లు పరీక్షించిన పిమ్మటనే మన పెద్దలు కొంగుముడి విప్పి డబ్బు ఇచ్చెడివారు. కాని ఫోను ద్వారా డబ్బు పంపువాడు గాని, చిన్న యంత్రము మీద బొటనవ్రేలు నొక్కి తన ఖాతాలోని సొమ్ము తీసికొనువాడు గాని, ఆ యంత్రము లోపల ఏమి జరుగుచున్నదో చూడజాలడు. చూడలేని వస్తువును కొనుటకు నమ్మకము తప్ప వేరొక ఆధారము లేదు. సాంకేతిక సంస్థలు ఆ నమ్మకమును ఎట్లు సంపాదించుచున్నవి, ఎట్లు పోగొట్టుకొనుచున్నవి అను విషయమును ఈ వ్యాసములో వివరింపదలచితిమి.

ఈ వివరణమునకు హైదరాబాదును గాని బెంగుళూరును గాని గాక ముంచింగిపుట్టును ముందు నిలుపుకొనుట పాఠకులకు వింతగా తోచవచ్చును. దానికి కారణము కలదు. నగరవాసికి ఒక కంపెనీ నచ్చనిచో మరియొక కంపెనీ ఎదురు వీధిలోనే ఉండును. తూర్పు కనుమలలో ఒడిశా సరిహద్దున ఉన్న ఈ మండలములో అట్లు కాదు. 2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రముగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోనిది ఇది. ఇక్కడి అనేక గ్రామములకు సిగ్నలు అందినచో ఒక్క టవరు నుండియే అందవలెను. డబ్బు చేతికి రావలెనన్న సంతకు వచ్చి ఒకానొక దుకాణములోనే వ్రేలిముద్ర వేయవలెను. ఎన్నుకొను వీలు లేనివాడు మోసపోయినచో మరియొక చోటికి పోలేడు. కావున నమ్మకము విలువ అక్కడ తెలిసినంత స్పష్టముగా వేరొకచోట తెలియదు.

ఉర్దూ, తెలుగు రెండును వినబడు కళాశాలలో చదువు మనకు ఒక సంగతి సులభముగా గోచరించును. బేరసారములలోని నమ్మకమునకు చెందిన మాటలను తెలుగువారు చాలవరకు ఉర్దూ మార్గముననే తెచ్చుకొనిరి. రసీదు, హామీ, జామీను, భరోసా అట్టివి. రసీదు అనగా జరిగిన దానికి కొనువాని చేతిలో మిగులు సాక్ష్యము. హామీ అనగా జరుగబోవు దానిని గూర్చి అమ్మువాడు ఇచ్చు మాట. జామీను అనగా ఆ మాట తప్పినచో నష్టమునకు బాధ్యత వహించి నిలబడు వ్యక్తి. ఈ మూడును ఉన్నచోట భరోసా కలుగును. ఈ మాటల వరుసలోనే విషయమును పరిశీలింతము.

రసీదు

ఏజెన్సీ సంతలలో త్రాసు కథ పాతది. చింతపండు, అడ్డాకులు, కరక్కాయలు, తేనె మొదలగు వానిని గిరిజనులు కొండల మీదినుండి మోసికొని వచ్చెడివారు. వర్తకుడు తూచినదే తూకము, చెప్పినదే ధరగా ఉండెడిది. ఈ దోపిడిని అరికట్టి, అటవీ ఫలసాయమును న్యాయమైన ధరకు కొనుటకును, ఉప్పు మొదలగు నిత్యావసర వస్తువులను సరియైన ధరకు అమ్ముటకును 1956లో గిరిజన సహకార సంస్థ విశాఖపట్టణము కేంద్రముగా ఏర్పడినది. సమస్య మూలములో ఉన్నది త్రాసే.

పాత త్రాసులో ముల్లు ఎటు మొగ్గుచున్నదో చదువు రానివానికి సైతము కనబడెడిది. నేటి ఎలక్ట్రానిక్ కాటాలో ముల్లు లేదు, అంకె మాత్రము వెలుగును. ఆ అంకెను నమ్ముటకు ఆధారము దాని మీద తూనికలు, కొలతల శాఖవారు ఏటేట తనిఖీ చేసి వేయు ముద్ర. అనగా లోపలి పని కొనువానికి కనబడనపుడు, అమ్మువానికి సంబంధించని మరియొకరు దానిని చూచి సాక్ష్యము చెప్పవలెను. కాటాకు వర్తించు ఈ నీతి కంప్యూటరుకును వర్తించును.

ఈ నీతి తప్పినపుడు ఏమి జరుగునో చూపుటకు దేశమంతయు ఎరిగిన ఉదాహరణము ఒకటి ఉన్నది. 2017లో ఫోను నంబర్లను ఆధార్‌తో సరిచూచుకొనవలెనని ప్రభుత్వము ఆదేశింపగా జనులు దుకాణములకు పోయి వ్రేలిముద్రలు వేసిరి. ఆ సందర్భములో ఎయిర్‌టెల్ ఖాతాదారులలో అనేకులకు, వారికి తెలియకయే, ఆ సంస్థకు చెందిన పేమెంట్స్ బ్యాంకులో ఖాతాలు తెరువబడినట్లు బయటపడినది. వంటగ్యాసు రాయితీ ఆధార్‌కు కడపట ముడిపడిన ఖాతాకు పోవును. కావున ప్రతినెలయు పాత బ్యాంకులో పడవలసిన సొమ్ము ఎన్నడును చూడని క్రొత్త ఖాతాలో పడసాగినది. ఇట్లు మళ్లిన సొమ్ము సుమారు 190 కోట్ల రూపాయలు. ఖాతాదారులు 30 లక్షలకు పైబడిరి. 2017 డిసెంబరులో ఆధార్ ప్రాధికార సంస్థ ఆ కంపెనీ వ్రేలిముద్రల ద్వారా ఖాతాదారులను గుర్తించు అధికారమును నిలిపివేసినది. కంపెనీ ఆ సొమ్మును తిరిగి ఇచ్చుటకు అంగీకరించినది. 2018 మార్చిలో రిజర్వు బ్యాంకు పేమెంట్స్ బ్యాంకు మీద 5 కోట్ల రూపాయల జరిమానా విధించినది.

ఇందులో ఫోను చెడిపోలేదు, సిగ్నలు తప్పలేదు, ఒక్క పైసయు మాయము కాలేదు. అయినను నమ్మకము దెబ్బతిన్నది. ఒక పనికని వేసిన ముద్రను మరియొక పనికి వాడుకొనుటయే దానికి కారణము. చదువుకొన్నవాడు బ్యాంకు పుస్తకము చూచుకొని నిలదీయగలడు. కువి భాషయో ఆదివాసీ ఒడియాయో మాట్లాడు కొండ గ్రామపు వృద్ధురాలు, రాయితీ ఎందుకు రాలేదో అడుగుటకు కూడ ఒక దినపు కూలి పోగొట్టుకొని సంతకు దిగవలెను.

అడిగినదానికంటె ఎక్కువ తీసికొనుటకు మరింత ఘోరమైన దృష్టాంతము అప్పుల యాప్‌లు. కోవిడ్ కాలములో కూలి పోయినవారికి క్షణములో అప్పు ఇచ్చెదమని వచ్చిన ఈ యాప్‌లు, ఫోనులోని పేర్ల పట్టికను, చిత్రములను చూచుటకు అనుమతిని అప్పుతోపాటే తీసికొనెడివి. వాయిదా తప్పినచో ఆ పట్టికలోని బంధుమిత్రులందరికి ఫోను చేసి అప్పుదారును అవమానించెడివారు. 2020 చివరిలో తెలంగాణలో కొందరు ఆ అవమానము భరింపలేక ప్రాణములు తీసికొనిరి. హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు కేసులు నమోదు చేసిరి. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు నియమములు ప్రకటించినది. అప్పు సొమ్ము నేరుగా తీసికొన్నవాని బ్యాంకు ఖాతాలోనే పడవలెను. వడ్డీతో సహా మొత్తము ఖర్చు ముందుగానే తెలుపు పత్రము ఇవ్వవలెను. పేర్ల పట్టికను, చిత్రములను, కాల్ వివరములను యాప్ ముట్టరాదు. ఈ నియమములలో ప్రధానమైనది రసీదే. ఏమి ఇచ్చితివి, ఏమి తీసికొంటివి అనునది కొనువాని చేతిలో వ్రాతపూర్వకముగా ఉండవలెను.

హామీ

ముంచింగిపుట్టు ప్రాంతమునకు పెద్ద యంత్రములు క్రొత్త కావు. మాచ్‌ఖండ్ నది మీద జోలాపుట్టు వద్ద జలాశయము నిర్మించి, డుడుమ జలపాతపు ఎత్తును ఉపయోగించుకొని, ఆంధ్ర, ఒడిశా రాష్ట్రములు ఉమ్మడిగా నడుపు జలవిద్యుత్ కేంద్రము 1955లో ఉత్పత్తి ప్రారంభించినది. ఆ విద్యుత్తు తీగల మీదుగా మైదానమునకు దిగి పట్టణములను, కర్మాగారములను వెలిగించినది. నీటి క్రింద భూములు పోయిన కొండ గ్రామములకు మాత్రము దీపము చాల ఏండ్ల తరువాత గాని రాలేదు. అది ఏ ఒక్క కంపెనీ చేసినదియు కాదు. అయినను క్రొత్త యంత్రము వచ్చి ‘మీకు మేలు జరుగును’ అన్నపుడు కొండవాసి వెంటనే తల ఊపడు. అతని సంకోచమును అజ్ఞానమని తలచువారు ఈ చరిత్రను మరచుచున్నారు.

ఫోను హామీ కూడ ఇట్టిదే. 2023 జూన్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లా మొదలగు ప్రాంతములలో ఒకేసారి 100 జియో 4జి టవర్లు ప్రారంభింపబడినవి. ఇది నిస్సందేహముగా మంచి పని. రహదారి లేని గ్రామములలో రోగులను, గర్భిణులను డోలీ కట్టి మోయవలసివచ్చు ఈ కొండలలో ఒక్క ఫోను పిలుపు ప్రాణము నిలుపగలదు. కాని టవరు నిలబడుట వేరు, సిగ్నలు నిలబడుట వేరు. కరెంటు పోయిన రాత్రి బ్యాటరీ ఎంతసేపు నిలుచును? వానకాలములో కేబులు తెగినచో బాగుచేయుటకు మనిషి ఎన్ని దినములలో వచ్చును? హామీ విలువ ప్రారంభోత్సవము నాడు తెలియదు. రెండు మూడు వానకాలములు గడచిన పిమ్మట, ‘ఎప్పుడు చేసినను కలియును’ అని ఊరివారు తమంతట తామే చెప్పుకొన్ననాడు తెలియును. ప్రకటనలకు ఖర్చు పెట్టు డబ్బులో కొంత డీజిలుకు, బ్యాటరీకి, లైను మరమ్మతు చేయువాని జీతమునకు ఖర్చు పెట్టిన కంపెనీకి మిగిలిన ప్రచారమును ఊరివారే చేసిపెట్టుదురు.

జామీను

ఎంత మంచి యంత్రమైనను ఒకనాడు చెడును. కొనువారికి ఈ సంగతి తెలియును. చెడినదని మాత్రమే వారు సంస్థను విడిచిపోరు. చెడినపుడు ఎవరు ముందుకు వచ్చిరి అనునది చూతురు. యంత్రము మీద వ్రేలు వేసిన పిమ్మట ఖాతాలో సొమ్ము తగ్గి, చేతికి మాత్రము రాకపోవుట అందరు ఎరిగిన చిక్కే. దుకాణదారుడు సర్వరు పనిచేయలేదనును. సర్వరు అనునది ఎక్కడ ఉన్నదో, ఎవరిదో ఆ కొండవాసికి తెలియదు. ఇట్టి సందర్భములలో సొమ్ము ఐదు దినములలోగా తిరిగి జమ కావలెనని, ఆలస్యమైన ప్రతి దినమునకు 100 రూపాయల చొప్పున పరిహారము చెల్లింపవలెనని రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో నిర్ణయించినది. ఈ నియమము ఎంత మంచిదైనను, దానిని గూర్చి చెప్పువాడు లేనిచో కొండవాసికి అది లేనట్లే.

జామీను లేకపోయిన యంత్రము గతి ఏమగునో మన దేశము 1978లోనే చూచినది. విదేశీ కంపెనీలు తమ వాటాను 40 శాతమునకు తగ్గించుకొనవలెనను నిబంధనకు సమ్మతింపక ఐ.బి.ఎం. సంస్థ ఆ సంవత్సరము భారతదేశమును విడిచిపోయినది. దాని కంప్యూటర్లు మాత్రము కార్యాలయములలోను, విద్యాసంస్థలలోను ఉండిపోయినవి. వానిని బాగుచేయు భారమును కేంద్ర ప్రభుత్వము 1975లో నెలకొల్పిన కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్ వహించినది. సి.ఎం.సి. అని ప్రసిద్ధి చెందినది ఇదియే. పరుల యంత్రములను నడిపించి చూపిన ఆ సంస్థయే 1980ల నడుమ ఢిల్లీలో మొదలైన రైల్వే రిజర్వేషను కంప్యూటరు విధానమును రూపొందించినది. మరమ్మతుతో సంపాదించిన పేరు మీదనే పెద్ద పని దక్కినదని మా అభిప్రాయము. సి.ఎం.సి. 2001లో టాటాల యాజమాన్యము క్రిందికి వచ్చి, 2015లో టి.సి.ఎస్.లో కలిసిపోయినది.

ఇక తెలుగువారి సాంకేతిక చరిత్రలో నమ్మకము కూలిన పెద్ద సంఘటన సత్యం కంప్యూటర్స్. 1987లో హైదరాబాదున మొదలైన ఈ సంస్థ 2008 నాటికి దాదాపు 50 వేల ఉద్యోగులతో అనేక దేశముల కంపెనీలకు పనిచేయుచుండినది. 2008లోనే సంస్థల పాలనలో ఉత్తమమైనదని గోల్డెన్ పీకాక్ పురస్కారమును కూడ పొందినది. 2009 జనవరి 7న దాని అధ్యక్షుడు బి. రామలింగరాజు తన లేఖలో, పుస్తకములలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవని ఒప్పుకొనెను. చిన్న తేడాగా మొదలైనది ఏటేట పెరిగి పూడ్చరానిదైనదని ఆ లేఖ సారాంశము. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానము ఆయనతో కలిపి 10 మందిని దోషులుగా నిర్ణయించినది; ఆ తీర్పు మీద అప్పీళ్లు దాఖలైనవి.

సత్యం ఇంజనీర్లు వ్రాసిన ప్రోగ్రాములు జనవరి 8వ తేదీన కూడ ముందటి దినము వలెనే పనిచేసినవి. ఖాతాదారులకు వస్తువులో లోపము కనబడలేదు. కాని రేపు ఈ సంస్థ ఉండునా, ఉద్యోగులకు జీతము అందునా అను ప్రశ్నలు లేచినవి. కొందరు ఖాతాదారులు వెడలిపోయిరి. కేంద్ర ప్రభుత్వము వారము తిరుగక ముందే పాత బోర్డును రద్దుచేసి కిరణ్ కార్ణిక్, దీపక్ పరేఖ్, సి. అచ్యుతన్ గార్లను నియమించినది. 2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా సంస్థ ఎన్నిక అయినది. అనగా దేశము ఎరిగిన పెద్దలు జామీను నిలిచిరి. అందుచేతనే చాలమంది ఖాతాదారులు ఆగిరి, వేలాది కుటుంబములకు ఉపాధి నిలిచినది.

ఆ రామలింగరాజే స్థాపించిన మరియొక సంస్థ కథ దీనికి భిన్నము. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభమైన 108 అంబులెన్సు సేవను ఇ.ఎం.ఆర్.ఐ. అను సంస్థ నడిపినది. ఒక్క పిలుపునకు దగ్గరి వాహనమును కంప్యూటరు సాయమున పంపు ఈ విధానము కూడ సాంకేతిక సేవయే. స్థాపకుని పతనముతో అదియు పడిపోవలసినది. కాని 2009లో జి.వి.కె. వారు నిర్వహణమును స్వీకరించిరి. ప్రభుత్వపు ఆదరము కొనసాగినది. తరువాత ఆంధ్రప్రదేశ్‌లో నిర్వాహకులు మరల మారిరి. అయినను 108 అను అంకెలు జనుల నాలుక మీద అట్లే నిలిచినవి. ఆ సేవ మీది నమ్మకము స్థాపకుని పేరు మీద గాక, పిలిచినపుడు వాహనము వచ్చుట అను అనుభవము మీద పెరిగినది. జామీను పడిపోయినను మరియొక జామీను వెంటనే నిలుచుటచే సేవ బ్రతికినది.

భరోసా

పై దృష్టాంతములను కలిపి చూచినచో ఒక విషయము తేలుచున్నది. సాంకేతిక సంస్థలు తప్పు చేసినందువలన కంటె, తప్పును గాని లాభమును గాని కొనువానికి కనబడకుండ దాచినందువలననే నమ్మకమును ఎక్కువగా పోగొట్టుకొనుచున్నవి. ఎయిర్‌టెల్ విషయములో దాచబడినది ఖాతా, అప్పుల యాప్‌లలో షరతు, సత్యంలో లెక్క. దాచుటకు వీలైన సాధనము చేతిలో ఉన్నవాడు దాచకుండుటయే అతని పెట్టుబడి.

ఇచ్చట భాష ప్రశ్న వచ్చును. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము ప్రకారము, ఒకరి వివరములు తీసికొనుటకు ముందు ఇచ్చు నోటీసును ఇంగ్లీషులో గాని, రాజ్యాంగము ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో దేనిలోనైన గాని చదువుకొను వీలు ఉండవలెను. ఇందులో తెలుగు ఉన్నది, ఉర్దూ ఉన్నది. మన రెండు భాషలవారికి ఈ హక్కు దక్కినది. కువి మొదలగు కొండభాషలు ఆ షెడ్యూలులో లేవు. వానిని మాట్లాడువారిలో వ్రాత రానివారు అనేకులు. ముద్రించిన నోటీసు ఎంత పొడవైనను వారికి రసీదు కాజాలదు. కంపెనీ నిజముగా వారి నమ్మకమును కోరినచో, యంత్రము మీద వ్రేలు పడక ముందు ‘ఈ ముద్ర ఇందుకొరకు, ఇంత సొమ్మునకు’ అని వారి మాటలో వినిపించు ఏర్పాటు చేయవలెను. ఫోనులో పాటలు వినిపించు విద్యకు ఇది అసాధ్యము కాదు. సంతలో ఫిర్యాదు వినుటకు ఒక మనిషి కూర్చుండవలెను. వ్రేలిముద్ర అరిగిపోయిన కూలివానికి వేరు మార్గము చూపవలెను. ముద్ర పడలేదను కారణమున అతనిని వట్టిచేతులతో పంపరాదు.

కడపటి మాట మన విద్యార్థులను ఉద్దేశించి చెప్పుచున్నాము. ముంచింగిపుట్టు సంతకు వచ్చువానికి కంపెనీ ముఖము తెలియదు. యంత్రము పట్టుకొని బల్ల వెనుక కూర్చున్న యువకుడే అతనికి బ్యాంకు, ఫోను కంపెనీ, ప్రభుత్వము. మన కళాశాలలనుండి బయటికి పోవువారిలో కొందరు అట్టి బల్లల వెనుక కూర్చుండెదరు, కొందరు ఆ యంత్రములలో నడుచు ప్రోగ్రాములను వ్రాసెదరు, కొందరు లెక్కల మీద సంతకములు పెట్టెదరు. సొమ్ము ఎంత తీసినదియు బిగ్గరగా చదివి చెప్పుట, చిన్న చీటీ చేతికి ఇచ్చుట, యంత్రము మొరాయించినపుడు ‘రేపు రమ్ము’ అని త్రిప్పక ఫిర్యాదు వ్రాసిపెట్టుట పెద్ద విద్యలు కావు. కాని ముప్పది రూపాయలు జీపు ఛార్జీ పెట్టుకొని కొండ దిగివచ్చినవాడు తన సొమ్ము తన చేతిలో పడినదని తెలిసికొని ఇంటికి మరలుట ఈ పనుల మీదనే ఆధారపడియున్నది. అట్టి బల్ల వెనుక కూర్చున్ననాడు యంత్రమునకు జామీను మీరే అని మరువకుందురు గాక.